గ్దాన్స్క్ ఆర్తుస్ కోర్టు: ఆ పొయ్యి ఒక్కదాని కోసమైనా వెళ్ళండి

పోలండ్‌లో గ్దాన్స్క్ వెళ్ళినవాళ్ళలో చాలామంది నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర ఫోటోలు దిగేసి ముందుకెళ్ళిపోతారు, కానీ ఆ ఫౌంటెన్ వెనకే ఉంది ఆర్తుస్ కోర్టు, ఒకప్పుడు వ్యాపారులు కలుసుకునే పెద్ద హాలు, ఇప్పుడు మ్యూజియం. నేనైతే మూలనున్న పొయ్యి కోసమే టికెట్ తీసుకున్నా, చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

వంట పొయ్యి కాదండి, హాలు వెచ్చగా ఉండడానికి కట్టింది. 1545-46లో గెయోర్గ్ స్టెల్జ్నర్ అనే మేస్త్రి కట్టాడు, దాదాపు 11 మీటర్ల ఎత్తు, 520 టైల్స్. యూరప్ రాజులు, రాణులు, రాజ్యాల చిహ్నాలు అన్నీ ఉబ్బెత్తు బొమ్మలుగా రంగురంగుల్లో ఉంటాయి. దగ్గరికెళ్ళి ఒక్క ముఖం చూడండి, గడ్డం పాయల మధ్య గ్లేజ్, అంటే టైల్ మీద కాల్చిన గాజులాంటి పూత, చిక్కగా దిగి ముదురు రంగు తేలితే, ముక్కు మీద పల్చబడి మెరుస్తుంటుంది. యుద్ధకాలంలో, 1943లో, దీన్ని విప్పి టైల్స్ దాచారు, అందుకే బతికింది, మళ్ళీ నిలబెట్టేసరికి 1995 అయింది. అంత ఓపిక పట్టినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి.

అసలు నాకీ పిచ్చి పట్టింది టైల్ వెనక వైపు వల్ల. తవ్వకాల్లో ఇలాంటివి ఎక్కువగా ముక్కలుగా చెత్త గుంటల్లో, పాత బావుల్లో దొరుకుతాయి, ముందున్న బొమ్మ ఎంత అందంగా ఉన్నా పరిశోధకులు తిప్పి చూస్తారు. వెనక పెట్టెలాంటి అంచు ఉంటుంది, పొయ్యి కట్టేటప్పుడు అందులో మట్టి కూరతారు, వేడిని పట్టి ఉంచి నిప్పు ఆరాక కూడా గంటలకొద్దీ మెల్లగా వదిలేది అదే. మసి ఉంటే నిజంగా పొయ్యిలో వాడారన్నమాట. మట్టిని అచ్చులోకి నొక్కిన వేళ్ళ గుర్తులు, గుడ్డ నేత ముద్ర కూడా కొన్నిటి మీద అలాగే మిగిలిపోతాయి, వందల ఏళ్ళ కిందటి మనిషి చెయ్యి అది!

ఇంకోటి, ఒకరి టైల్ నుంచే అచ్చు తీసి ఇంకొకరు కాపీ కొట్టేవాళ్ళు, మట్టి ఆరి కాలేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి కాపీ అసలుకన్నా చిన్నదవుతుంది, కాపీకి కాపీ ఇంకా చిన్నది. కొలిచి చూస్తే ఏది ముందో ఏది తర్వాతో తెలిసిపోతుంది.

ఇదంతా జనానికి చూపించాలి కదా. వేరే ఊళ్ళో ఒక మ్యూజియంలో ముక్కలన్నీ బొమ్మ పైకి వచ్చేలా బోర్డుకి అతికించేశారు, ఒక్కటైనా తిప్పి పెట్టుంటే ఎంత బాగుండేదో, చాలా బాధేసింది.

ఆర్తుస్ కోర్టుకి మాత్రం 5కి 5. చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్ళండి, పై వరసలు మామూలు కంటికి అందవు. ముందు కింది వరస ముఖాలు ఒక్కొక్కటీ నిదానంగా చూసి, తర్వాత తలెత్తండి.