ఐ.ఏ. కొట్టేస్తే వెంటనే సి.ఆర్.పి.నా, అప్పీలు దాకా ఆగడమా?

జూనియర్లు పదే పదే అడిగేది ఇదే: పత్రాలు తెప్పించమని దావా మధ్యలో వేసిన ఐ.ఏ. (ఇంటర్లోక్యుటరీ అప్లికేషన్) కొట్టేశారు, సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) వేసి హైకోర్టుకు వెళ్లాలా, తుది తీర్పు మీద అప్పీలు దాకా ఆగాలా?

ఉత్తర్వు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.) ఆర్డర్ 43 రూల్ 1లోని అప్పీలుకు వీలున్న ఉత్తర్వుల జాబితాలో ఉంటే సందేహమే లేదు, సి.ఎం.ఏ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు) వేయాలి. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. డిస్కవరీలో (అవతలివారి నుంచి పత్రాలు, వివరాలు రాబట్టడంలో) ఆ జాబితాకెక్కేది ఆర్డర్ 11 రూల్ 21 కింద డిఫెన్స్ కొట్టేసినా, దావా డిస్మిస్ చేసినా వచ్చే ఉత్తర్వే.

ఇంటరాగేటరీలు (ఎదుటివారికి వేసే రాతపూర్వక ప్రశ్నలు), రీకాల్ (సాక్షిని మళ్లీ పిలవడం), స్థలం చూసి నివేదిక ఇచ్చే కమిషనర్ నియామకం వంటి వాటికి మిగిలింది సి.ఆర్.పి. రివిజన్‌కు ఆధారమైన సెక్షన్ 115కి 2002 జులై 1 నుంచి ఒకటే పరీక్ష: ఆ ఉత్తర్వు మనవైపు వచ్చి ఉంటే దావా అక్కడితో తేలిపోయేదా? దావా పత్రాన్నే తిరస్కరించమన్న ఆర్డర్ 7 రూల్ 11 పిటిషన్ కొట్టేస్తే ఔను. ప్రోనోటు మీది సంతకాన్ని నిపుణుడికి పంపమన్న పిటిషన్ కొట్టేస్తే కాదు. అప్పుడిక కింది కోర్టులపై హైకోర్టుకు పర్యవేక్షణాధికారం ఇచ్చే రాజ్యాంగం 227 అధికరణమే. ఏపీ, తెలంగాణ హైకోర్టుల్లో దానికీ సి.ఆర్.పి. నంబరే పడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. 227లో కింది కోర్టు పొరబడిందంటే సరిపోదు, పరిధి దాటిందనో తీవ్ర అన్యాయం జరిగిందనో చూపాలి.

పైగా సి.ఆర్.పి. వేసినంత మాత్రాన స్టే రాదు. ‘సి.ఆర్.పి. పెండింగ్’ అని మెమో వేసి వాయిదాలు అడుగుతుంటే, ఒకనాడు సాక్ష్యం క్లోజ్ చేస్తారు. దావాలో తీర్పు వచ్చేస్తే పైన వేసింది నిరర్థకం.

అందుకే చాలా సందర్భాల్లో సెక్షన్ 105 కింద, అంటే మధ్యంతర ఉత్తర్వులోని తప్పును తుది అప్పీల్లో ఎత్తిచూపేలా, ఆగడమే మేలంటాను. అప్పుడు పైకోర్టుకు వెళ్లలేదని తుది అప్పీల్లో నోరు నొక్కలేరు. సత్యధ్యాన్ ఘోషాల్ కేసులో సుప్రీంకోర్టు 1960లోనే ఈ మాట చెప్పింది. తీసుకోవాల్సిన పత్రాన్ని ట్రయల్ కోర్టు తీసుకోకపోతే అప్పీల్లో అదనపు సాక్ష్యానికి వీలిచ్చే ఆర్డర్ 41 రూల్ 27 ఉంది. రిమాండ్ ఉత్తర్వు (కేసును మళ్లీ విచారించమని కింది కోర్టుకు తిప్పి పంపేది) మాత్రం వేరు: అప్పీలుకు వీలుండీ వేయకపోతే తర్వాత ప్రశ్నించలేరు.

నేను చూసేది ఒక్కటే: ఈ నష్టాన్ని అప్పీల్లో పూడ్చగలమా? హద్దు తగాదాలో కమిషనర్‌ను వేయనన్నారు, అవతల గోడ లేస్తోంది. డిక్రీ వచ్చేసరికి చూడ్డానికి పాత హద్దే ఉండదు, ఆగకండి. తక్కువ స్టాంపు పత్రమూ అంతే. ఎగ్జిబిట్ నంబరు పడి (అదే మార్కింగ్) సాక్ష్యంలోకి వెళ్లాక, స్టాంపు చట్టం సెక్షన్ 36 వల్ల ఆ దావాలో స్టాంపు అభ్యంతరం అప్పీల్లోనూ, రివిజన్లోనూ నిలవదు. అభ్యంతరం తోసిపుచ్చగానే, మార్కింగ్‌కు ముందే గడువు అడిగి 227కి పరుగెత్తాలి.

కమర్షియల్ కోర్టులో అయితే 2015 చట్టం సెక్షన్ 8 రివిజన్‌ను మూసేసింది.

ఆగేవారు ఐ.ఏ., కౌంటర్, ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు అప్పుడే తీసి ఉంచుకోవాలి. అప్పీలు మెమోలో ఐ.ఏ. నంబరు, తేదీ వేసి దాన్ని ప్రత్యేక గ్రౌండ్‌గా రాయాలి. ‘ట్రయల్ సక్రమంగా జరగలేదు’ అని ఒక వాక్యం రాసి వదిలేస్తే, ఆ తప్పు తీర్పును ఎలా మార్చిందని జడ్జి అడిగినప్పుడు చూపడానికేమీ ఉండదు. కేసు ఫలితాన్ని మార్చని పొరపాటుకు డిక్రీని రద్దు చేయకూడదనే సి.పి.సి. సెక్షన్ 99 అక్కడే అడ్డం తగులుతుంది.