ఇంజిన్ పైపుకు కట్టే మెష్ సంచి: పీత పిల్లను ఆపుతుంది, పాలిస్టర్ పోగును ఆపదు

అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఉప్పుటేటి నీళ్లు తోడే రొయ్యల చెరువుల్లో పైపు మూతికి నైలాన్ సంచి కట్టడం మామూలే. సరకుగా మంచిదే. ‘దీంతో ప్లాస్టిక్ కూడా రాదు’ అని కొట్లో ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దు.

మెష్ అంకె అంటే అంగుళం పొడవులో ఉండే కన్నాల లెక్క, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 60 మెష్‌కు కన్నం సుమారు 250 మైక్రాన్లు, 80 మెష్‌కు 180. చేప పిల్ల, పీత పిల్ల ఆగడానికి ఇది చాలు. సంచి తిరగేస్తే అడుగున థర్మాకోల్ పూసలు, వల తాళ్ల నుంచి రాలిన నీలం, ఆకుపచ్చ తునకలు, కవర్ల పేలికలు కనిపిస్తాయి. మైక్రోప్లాస్టిక్ అంటే 5 మిల్లీమీటర్ల లోపు ముక్క ఏదైనా కాబట్టి ఇవీ అందులోవే, ఇవి ఆగాయి. బట్టల నుంచి ఊడిన పాలిస్టర్ పోగు కథ వేరు. పొడవు 2 మిల్లీమీటర్లున్నా మందం 10-20 మైక్రాన్లే. నీటి వడికి నిలువుగా తిరిగి, సూదిలో దారంలా కన్నంలోంచి జారిపోతుంది.

పోనీ 200 మెష్ కడదామా? దాని కన్నం 75 మైక్రాన్లు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎర్రనీళ్లలో ఒండ్రు దాన్ని చూస్తుండగానే పూడ్చేస్తుంది. సంచి బుడగలా ఉబ్బి కుట్టు దగ్గర పిగులుతుంది, ఆపైన ఏ జల్లెడా లేనట్టే.

లోపల 60, బయట 80, రెండు పొరలు కట్టుకోవడమే మేలు. పొడవు కనీసం 4 మీటర్లుండాలి, సగం చెరువు నీళ్లలో తేలాలి. గట్టు మీద వేలాడితే బరువంతా కుట్టు మీదే పడుతుంది. పైపు అంచు కోయకుండా ముందు సైకిల్ ట్యూబు చుట్టి, దానిమీద తాడు బిగించాలి. కొనేటప్పుడు బొటనవేలితో నొక్కి చూడండి. పోగులు పక్కకు జరిగితే నేత వదులు, వద్దు.

సంచి కూడా ప్లాస్టిక్కే. ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది, బ్లీచింగ్ నీళ్లు నైలాన్‌ను తినేస్తాయి, బ్రష్షుతో రుద్దితే పోగులు లేస్తాయి. అవన్నీ చెరువులోకే. పట్టుకుంటే పొడిలా రాలే సంచిని ఇంకో పంటకు దాచడం పిసినారితనమే.

పోగుల సంగతి కొంతైనా చూడాలంటే సంచి కన్నా నీళ్లు తోడే వేళ ముఖ్యం. పాటు తీసేటప్పుడు ఊళ్ల డ్రెయిన్ల నీళ్లన్నీ ఏట్లోకి దిగుతాయి. పోటు నిండాకే ఇంజిన్ వేయాలి. తోడిన నీళ్లు ముందు నిల్వ ఉంచే రిజర్వాయర్ చెరువుంటే 2-3 రోజులు తేరనిచ్చి, నడిమి లోతు నుంచి తోడాలి. పాలిథిన్, పాలిప్రొపిలీన్ పైన తేలతాయి, నీటికన్నా బరువైన (సాంద్రత 1.38, నీటిది 1) పాలిస్టర్ మెల్లగా అడుగుకు దిగుతుంది. సన్నపోగులు అంత త్వరగా దిగవు, పూర్తిగా పోతాయని అనుకోవద్దు.

సంచిని ఏట్లో జాడించకండి. గట్టు మీద బకెట్‌లో తిరగేసి కడిగి, అడుగున మిగిలిన మడ్డి ఆరబెట్టి చెత్తబండికి ఇచ్చేయండి.