షెవీ ఎక్స్‌ప్రెస్‌లో కార్పెట్ ట్రక్‌మౌంట్: మెషిన్‌కు మంచి మార్కులు, బిగింపు కిట్‌కు మాత్రం కాదు

అమెరికాలో కార్పెట్ క్లీనింగ్ పనిలోకి దిగేవాళ్లు డీలర్ దగ్గర మెషిన్ గురించి అడిగే మొదటి మాట "ఎన్ని హార్స్‌పవర్?" అని. రెండోది ధర. దాన్ని వ్యాన్‌లో ఎలా బిగిస్తారన్న మాట చెక్కు రాసిచ్చాక గానీ రాదు. ఈ రివ్యూ ఆ మూడో మాట గురించే. సరుకు మధ్యరకం స్లైడ్-ఇన్ ట్రక్‌మౌంట్ (సొంత ఇంజిన్‌తో వచ్చి వ్యాన్‌లో బిగించే మెషిన్, కార్పెట్ మీద వేడినీళ్లు కొట్టి మురుగును వెనక్కి లాగుతుంది), దాంతో పాటు వచ్చే ఇన్‌స్టలేషన్ కిట్. వ్యాన్ షెవీ ఎక్స్‌ప్రెస్ 2500 కార్గో, 135 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం).

మెషిన్ సంగతి ముందే తేల్చేద్దాం, అందులో ఎత్తిచూపాల్సినవి తక్కువ. గాలికి చల్లబడే ట్విన్ సిలిండర్ పెట్రోలు ఇంజిన్, దానికి బెల్టుతోనో కప్లర్‌తోనో కలిపి, మురుగు లాగే వాక్యూమ్ పుట్టించే రూట్స్ తరహా బ్లోవర్, మూడు ప్లంజర్ల నీటి పంపు, ఇంజిన్ పొగ వేడినీ బ్లోవర్ గాలి వేడినీ నీళ్లకు ఎక్కించే హీట్ ఎక్స్‌ఛేంజర్లు. ఈ తరగతిలో చాలా మెషిన్ల సరంజామా ఇదే. బ్లోవర్ నంబరు చదవడం వస్తే బ్రోషర్‌తో పని లేదు. 45 అంటే గేరు వ్యాసం 4 అంగుళాలు, రోటరు పొడవు 5. 33 అంటే రెండూ మూడేసి. మామూలు ఇళ్లకు 33 నడుస్తుంది గానీ మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ దాకా గొట్టం లాగితే ఆయాసపడుతుంది. నీటి ఒత్తిడి కార్పెట్‌కు 300 నుంచి 500 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు. పంపు వెయ్యి దాటుతుందని చెబితే అది టైల్ పనికి పనికొచ్చే గొప్ప, కార్పెట్‌కు కాదు.

వేడి విషయంలో ఒక పక్కమాట. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లకు వెళ్లేవాళ్లు నీళ్లు ఎంత సలసల కాగినా పసుపు మరక పోతుందని మాట ఇవ్వకండి. పైగా క్షారగుణం ఉన్న ప్రీ-స్ప్రే (కడిగేముందు చల్లే మందు) పడగానే పారాణి పెట్టినట్టు ఎర్రబడుతుంది. అది చూసి ఇంటావిడ కంగారుపడితే తప్పు మెషిన్‌ది కాదు, పసుపులోని రంగు తీరే అంత. ఆమ్లగుణం ఉన్న రిన్స్ కొడితే మళ్లీ పసుపుపచ్చకు తిరుగుతుంది. ఆ తర్వాత మరక తీయడానికి పెరాక్సైడ్, వెలుతురు కావాలి.

ఇక బరువు. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద జి.వి.డబ్ల్యు.ఆర్. (సరుకుతో కలిపి వ్యాన్ మోయగల గరిష్ఠ బరువు) 8,600 పౌండ్లని ఉంటుంది. ఖాళీ వ్యాన్ బరువు పోను చేతిలో మిగిలేది 3,000 పైచిలుకు. మురుగు ట్యాంకుతో కలిపి మెషిన్ 900 వేసుకోండి. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు కాబట్టి 100 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు నిండితే నీళ్లే 834 పౌండ్లు, అంటే 378 కిలోలు. రీలు, గొట్టాలు 220. ఇద్దరు మనుషులు 350. కెమికల్ డబ్బాలు, వ్యాండ్లు (కార్పెట్ మీద నడిపే లాగుడు కర్రలు), ఫ్యాన్లు 250. మొత్తం 2,550 దాటింది. మంచినీళ్లే పని జరిగేకొద్దీ మురుగు ట్యాంకులోకి వస్తాయి కాబట్టి నీటిని రెండుసార్లు కలపక్కర్లేదు. కానీ పొద్దున్నే రెండు ట్యాంకులూ నిండుగా పెట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. నిన్నటి మురుగు పారబోయడానికి బద్ధకం. వాళ్ల లెక్క అక్కడే తప్పుతుంది.

మొత్తం సరిపోయింది కదా అని ఊరుకుంటే చిక్కు వెనక ఇరుసు దగ్గర బయటపడుతుంది. డీలర్లు మెషిన్‌ను వెనక తలుపుకు ఆనించి పెడతారు. రిపేరుకు వీలు, గాలి బాగా ఆడుతుంది. 900 పౌండ్ల మెషిన్ మధ్యభాగం ఇరుసుకు 30 అంగుళాల వెనక పడిందనుకోండి, 135 అంగుళాల వీల్‌బేస్ మీద ముందు చక్రాల నుంచి 200 పౌండ్లు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 1,100 కూర్చుంటాయి. వాన పడ్డ రోజు స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించేది ఇందుకే. మందు సులువే. మంచినీళ్ల ట్యాంకును ఇరుసుకు ముందు, పార్టిషన్ వైపు పెట్టించాలి. లోపల అడ్డుపలకలు ఉన్న ట్యాంకే తీసుకోవాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా నీళ్లు వచ్చి వీపు మీద గుద్దినట్టు ఉంటుంది.

నేలకు బిగించే దగ్గర కిట్‌కు మార్కులు తగ్గాయి. బోల్టులు గ్రేడ్ 8, 3/8 అంగుళం, బాగున్నాయి. కింద వేయడానికి ఇచ్చింది మాత్రం మామూలు వాషర్లు. వ్యాన్ నేల పల్చటి రేకు, పైగా గాడులు గాడులుగా ఉంటుంది. గట్టిగా గుద్దుకుంటే వాషర్ ఆ రేకును చీల్చుకుని పైకి వస్తుంది, మెషిన్ నేరుగా డ్రైవర్ సీటు వైపు. ఒక్కో బోల్టు కింద 4 అంగుళాల చదరం, పావు అంగుళం మందం ఉన్న స్టీలు పలక ఉండాల్సిందే. లోహాల దుకాణంలో ముక్కలు కోయిస్తే నాలుగు బోల్టులకూ పెద్ద ఖర్చేం కాదు. ప్లైవుడ్ మీద నేరుగా బిగించడం ఇంకో పొరపాటు. అది నీళ్లు తాగి మెత్తబడుతుంది, బరువుకు అణుగుతుంది, నెలకే బోల్టు వదులవుతుంది. ప్లైవుడ్ తప్పదంటే బోల్టు దగ్గర రంధ్రం పెద్దది చేసి లోపల స్టీలు గొట్టం ముక్క దించాలి, బిగింపు కర్ర మీద కాక గొట్టం మీద పడుతుంది. డ్రిల్లు పెట్టేముందు వ్యాన్ కిందికి దూరి పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైరింగ్ ఎక్కడున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. బిట్టుకు స్టాపర్ వేయకుండా దించడమంటే గుడ్డిగా పొడవడమే.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది పెట్రోలు దగ్గర. వ్యాన్ ఇంజిన్‌కు వెళ్లే గొట్టానికే టీ జాయింట్ వేసి మెషిన్‌కు లాగేస్తే పని గంటలో అయిపోతుంది. కానీ ఆ గొట్టంలో ఉండేది 55, 60 పి.ఎస్.ఐ. ఒత్తిడి. మెషిన్ కార్బురేటర్ తట్టుకునేది నాలుగైదు. సూది వాల్వ్ ఆగదు, పెట్రోలు పొంగుతుంది, క్రాంక్‌కేసులోకి దిగి ఆయిల్‌తో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి, నీళ్లలా పల్చగా, పెట్రోలు వాసన కొడుతుంటే ఇదే జబ్బు అనుకోవచ్చు. సరైన పద్ధతి వ్యాన్ ట్యాంకును దించి, ట్యాంకు లోపలి పంపు మాడ్యూల్ మూతలో వేరే పికప్ గొట్టం బిగించి, అక్కడి నుంచి తక్కువ ఒత్తిడి పంపుతో మెషిన్‌కు తేవడం. ఫోర్డ్ ట్రాన్సిట్‌లో అయితే ఇలాంటి అదనపు పోర్టు కంపెనీ నుంచే పెట్టించుకోవచ్చు, ఈ ఒక్క విషయంలో షెవీ కన్నా అదే మేలు. పికప్ గొట్టం ట్యాంకు అడుగుదాకా పోకూడదు. పావు ట్యాంకు మిగిలేలా కోయాలి. లేకపోతే సాయంత్రం దాకా మెషిన్ తాగేసి, ఇంటికి వెళ్లడానికి చుక్క మిగల్చదు.

గొట్టం రకం కూడా చూడాలి. బయట వాడే మామూలు పెట్రోలు గొట్టం, 30ఆర్7 రకం, ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉంటే ఉబ్బి ముక్కలవుతుంది. లోపల వాడాల్సింది 30ఆర్10. కిట్‌లో ఒకే రకం గొట్టం చుట్ట ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ట్యాంకు మళ్లీ ఎక్కించాక చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి0455 లేదా పి0442 కోడ్ వస్తే మాడ్యూల్ మూత కింది రబ్బరు రింగు నలిగిందని, లాక్ రింగు సరిగా కూర్చోలేదని అర్థం. మొదటిది ఆవిరి ఎక్కువగా లీకవుతోందని చెప్పే కోడ్, రెండోది తక్కువగా. పాత రింగునే తిరిగి వేస్తే ఇది దాదాపు ఖాయం. కొత్త రింగు అడిగి వేయించుకోండి.

పొగగొట్టం దగ్గర బేరాలు వద్దు. కిట్‌తో వచ్చే ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టం అదురుకు ముడతల దగ్గరే పగులుతుంది. చీలిక కంటికి కనిపించదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మెకానిక్ దగ్గర గట్టి గొట్టం వంచించి, కలిపే చోట క్లాంపు కాకుండా వెల్డింగ్ చేయించి, చివర వ్యాన్ అంచు దాటి బయటికి వచ్చేలా పెట్టించాలి. నేలలో దాని రంధ్రం చుట్టూ ఖాళీ, ఖాళీ చుట్టూ రేకు కాలరు ఉండాలి. పెట్రోలు ట్యాంకు వైపు తిరిగితే మధ్యలో హీట్ షీల్డ్ తప్పదు. ఇంట్లో పెట్టుకునే సి.ఓ. అలారం ఒకటి వ్యాన్‌లో తగిలించి ధైర్యంగా ఉండేవాళ్లకు ఒక మాట. యు.ఎల్. 2034 ప్రమాణం ప్రకారం అది 70 పి.పి.ఎం. (పది లక్షల్లో 70 వంతులు) దగ్గర 60 నుంచి 240 నిమిషాల మధ్యలో ఎప్పుడైనా మోగవచ్చు. అప్పటికి తలనొప్పి పట్టుకుని ఉంటుంది. తక్కువ మోతాదునే అంకెల్లో చూపించే మీటరు కొనండి. పని చేసేటప్పుడు వెనక తలుపులు, పక్క తలుపు బార్లా తెరిచి ఉంచాలి. వ్యాన్ నిలిపేటప్పుడు పొగ కస్టమర్ గుమ్మం వైపు పోకుండా చూసుకోవాలి.

బ్యాటరీ వైరింగ్‌కు కిట్ ఇచ్చిన ఫ్యూజు, ఐసోలేటరు (రెండు బ్యాటరీలను వేరుచేసే స్విచ్చు) బాగానే ఉన్నాయి, ఫిర్యాదు లేదు.

మురుగు ట్యాంకును చాలామంది ప్లాస్టిక్ డబ్బాలా చూస్తారు. రిలీఫ్ వాల్వ్ (వాక్యూమ్ మితిమీరితే గాలి వదిలేది) 14 అంగుళాల మెర్క్యురీ వాక్యూమ్ దగ్గర తెరుచుకునేలా ఉంటే, గొట్టం మూసుకుపోయిన క్షణంలో ట్యాంకు గోడలో ఒక్కో చదరపు అడుగు మీద బయటి గాలి నొక్కేది దాదాపు 990 పౌండ్లు. మూత గ్యాస్కెట్‌లో వెంట్రుకంత సందు ఉన్నా అక్కడే ఈల వేస్తుంది, ఆ గాలి వ్యాండ్ దగ్గర తగ్గుతుంది. ట్యాంకు నుంచి బ్లోవర్‌కు వెళ్లే గొట్టంలో 90 డిగ్రీల ఎల్బోలు రెండు కనిపించాయి. ఒక్క పెద్ద వంపుతో వెళ్లాల్సిన దారి అది. ఎల్బోలు చవక, బిగించేవాడికి తొందర.

బ్లోవర్ ప్రాణం తీసేది నురగ. పాత షాంపూ మిగిలిన కార్పెట్ మీద పని చేస్తే ట్యాంకులో నురగ లేచి, నీళ్ల మట్టం చూసి ఆపే ఫ్లోటును పట్టించుకోకుండా బ్లోవర్‌లోకి పోతుంది. ఫ్లోటుకు తెలిసింది నీళ్లే, నురగ కాదు. డీఫోమర్ (నురగ అణిచే మందు) పక్కనే పెట్టుకుని వ్యాండ్‌తో కాస్త లాగించాలి. సాయంత్రం మెషిన్ ఆపేముందు రెండు నిమిషాలు పొడి గాలి లాగించి, బ్లోవర్ లూబ్రికెంట్ కొట్టకపోతే తెల్లారేసరికి రోటర్లకు తుప్పు పట్టి కదలవు. ఆ లూబ్రికెంట్ కొట్టే పోర్టు చేతికి అందేలా పెట్టించుకోవాలి. ఈ బిగింపులో అది రీలు వెనక ఇరుక్కుంది, రోజూ మోకాళ్ల మీద వంగాలి. అలాంటప్పుడు రెండో వారానికే కొట్టడం మానేస్తారు.

టెక్సాస్‌లో చలి ఎక్కడిది అనుకునేవాళ్లు 2021 ఫిబ్రవరి 16 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే రాగి గొట్టం పగులుతుంది. వేసవిలో కాదు, మంచు కరిగిన రోజు కారడం మొదలవుతుంది. రాత్రి వ్యాన్ బయట నిలిపేవాళ్లు ప్రొపిలీన్ గ్లైకాల్ (గడ్డకట్టనివ్వని ద్రవం) లాగించుకోవడానికి వీలుగా టీ వాల్వ్ ఒకటి బిగింపు రోజే పెట్టించుకోవాలి. ఈ కిట్‌లో లేదు.

హైడ్రామాస్టర్ సి.డి.ఎస్., బట్లర్ లాంటి ట్రక్‌మౌంట్లు వ్యాన్ ఇంజిన్‌తోనే నడుస్తాయి. రెండో ఇంజిన్ లేదు, బరువు తక్కువ, నేల మీద చోటు ఎక్కువ. కానీ వ్యాన్ షెడ్డుకు వెళితే మెషినూ వెళ్లినట్టే. వ్యాన్ ముసలిదైతే మెషిన్‌ను ఇంకో దాంట్లోకి మార్చడం పెద్ద పని. పదేళ్లలో వ్యాన్ మార్చే ఉద్దేశం ఉంటే స్లైడ్-ఇన్ మేలు. హైదరాబాద్‌లో ఇలాంటిది పెడదామా అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: మన ఇళ్లలో గోడ నుంచి గోడకు కార్పెట్ ఉండదు. హోటళ్లకు, ఆఫీసులకు చక్రాల మీద లోపలికి తోసుకెళ్లే పోర్టబుల్ చాలు.

వ్యాన్ చేతికిచ్చే రోజు కనీసం గంట ఖాళీగా పెట్టుకుని వెళ్లండి. గొట్టం నోరు మూసి వాక్యూమ్ గేజి ఎంత చూపిస్తుందో, రిలీఫ్ వాల్వ్ ఏ అంకె దగ్గర తెరుచుకుంటుందో చూడాలి. అరగంట వేడిగా నడిపి, కిందికి వంగి పెట్రోలు గొట్టం ప్రతి జాయింట్‌నూ తెల్ల కాగితంతో తుడిచి చూడాలి. తడి ఉంటే కాగితం మీద దాగదు. అక్కడి నుంచి నేరుగా ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) మీదికి వెళ్లి, మంచినీళ్లు నింపి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. వెనక ఇరుసు అంకె తలుపు స్టిక్కర్ మీదున్న పరిమితికి వంద పౌండ్లు కూడా తేడా లేకపోతే ట్యాంకు ముందుకు జరపమని డీలర్‌ను అప్పుడే అడగాలి, బిల్లు మీద సంతకం కాకముందే. బోల్టులు మొదటి 25 గంటల పని తర్వాత మళ్లీ బిగించాలి. అది ఉచితమేనా కాదా అన్నది కూడా ఆ బిల్లు మీదే రాయించుకోండి.