బ్యాగులో ఇనప హెల్మెట్, నార్మండీలో మూడు రోజులు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే మా బావకి పాత సామాన్ల సంతలంటే పిచ్చి. పోయినేడు ఒక సంతలో 140 యూరోలు పోసి రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులు పెట్టుకున్న ఎం1 రకం హెల్మెట్ కొన్నాడు. "డీ-డే నాడు నార్మండీలో దిగినవాడిది" అని అమ్మినాయన నమ్మబలికాడట. డీ-డే అంటే 1944 జూన్ 6న మిత్రపక్షాల సేనలు ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీలో దిగిన రోజు. అదేదో అక్కడే తేల్చుకుందామని మే నెలలో నన్నూ బయల్దేరదీశాడు. హెల్మెట్‌ని తువ్వాల్లో చుట్టి నా బ్యాగులో కుక్కాడు. కిలో పైన బరువు, మోసింది నేను.

పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ నుంచి కాన్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ కారు అద్దెకి తీసుకున్నాం. ఈ పల్లెల్లో బస్సుల్ని నమ్ముకుంటే రోజుకి ఒక్క చోటు చూడ్డమే గగనం. మొదటి రెండు రాత్రులు బాయూలో, పెద్ద చర్చి పక్క సందులో బస. గది 92 యూరోలు, లిఫ్ట్ లేదు, మెట్లు తాటిచెట్టు ఎక్కినట్టే. మూడో రాత్రి సెయింట్ మేర్ ఎగ్లీజ్ అనే ఊరి బయట ఒక రైతు ఇంట్లో 70కే గది, పొద్దున్నే వాళ్ళ వెన్న, వాళ్ళ గుడ్లు. మళ్ళీ వెళ్తే మూడు రాత్రులూ అక్కడే ఉంటా. ఆదివారం మధ్యాహ్నం తిండికి మాత్రం ముందే చూసుకోండి. మాకు దొరికిందల్లా బావ తెచ్చిన గోంగూర పచ్చడి, బ్రెడ్డు.

కోల్‌విల్‌లోని ఓవర్‌లార్డ్ మ్యూజియం ట్యాంకులూ బళ్ళూ చూసేవాళ్ళకి పండగ. పక్కనే అమెరికన్ సైనికుల శ్మశానం, తొమ్మిది వేల పైచిలుకు తెల్లరాళ్ళు. అక్కడ బావ కూడా హెల్మెట్ ఊసెత్తలేదు. సెయింట్ మేర్ ఎగ్లీజ్‌లో చర్చి గోపురానికి పారాచూట్‌తో బొమ్మ వేలాడుతుంటుంది. 1944 జూన్ 6 తెల్లవారుజామున పారాచూట్‌తో దూకిన జాన్ స్టీల్ అనే అమెరికన్ సైనికుడు అక్కడే చిక్కుకుని, చచ్చినట్టు నటించాడు. ఎదురుగా ఎయిర్‌బోర్న్ మ్యూజియంలో సైనికుల్ని మోసిన సీ-47 విమానం, ఇంజిన్ లేని వాకో గ్లైడర్ ఉన్నాయి. పిల్లలతో వెళ్తే ముందు ఇదే చూడండి. మా పనికి మాత్రం ఏ మ్యూజియమూ అక్కరకి రాలేదు. హెల్మెట్ గుట్టంతా కడుపులో ఉంటుంది, అద్దాల వెనక పెట్టినవేమో బోర్లించి ఉంటాయి.

గుట్టు విప్పింది ఒక చిన్న పాతసామాన్ల కొట్టు ముసలాయన. ముందు అయస్కాంతం అడిగాడు. బావ తన తాళంగుత్తికున్న తిరుపతి వెంకన్న అయస్కాంతం ఇచ్చాడు. అసలు ఎం1 చిప్ప, అంటే హెల్మెట్ పైభాగం, మాంగనీసు ఉక్కుది, అయస్కాంతానికి అంతగా అంటదు. యుద్ధం తర్వాత యూరప్‌లో చేసిన నకళ్ళు చాలావరకు అంటుకుంటాయట. మాది అంటలేదు. బావ మొహం వెలిగిపోయింది.

తర్వాత ఆయన అంచు చుట్టూ వేలు తిప్పి వెనక ఆగాడు. అంచు పట్టీ అతుకు ముందుంటే పాతది, వెనక్కి మారింది 1944 చివర్లో. మాది వెనకే ఉంది. గడ్డం పట్టీ తగిలించే కమ్మీలు చూపించాడు. మొదట్లో వాటిని కదలకుండా వెల్డ్ చేసేవారు, నేలకి తగిలితే ఊడిపోయేవి. అందుకని 1943లో కదిలే కమ్మీలు మొదలయ్యాయి. మావి కదిలేవే. పెదవి విరిచి, "జూన్ 6కి ఇది పుట్టనే లేదు" అన్నాడు.

"చూశావా బావా, నీ వీరుడు అప్పటికింకా పుట్టనే లేదు" అన్నాను. "నోర్మూసుకోరా" అన్నాడు.

లోపలి అంచున ముందువైపు కొట్టిన నంబరూ చూశాం. 'ఎస్' అక్షరం ఉంటే సెయింట్ లూయిస్‌లో ష్లూటర్ చేసింది, లేకపోతే డెట్రాయిట్ మెకార్డ్‌ది. మాది మెకార్డ్. యుద్ధంలో ఇలాంటివి రెండు కోట్ల పైనే చేశారు. ఇంక ధరెక్కడ పలుకుతుంది? 60 ఇస్తానన్నాడు. పారాచూట్ దళం వాళ్ళ డీ ఆకారం కమ్మీలున్న చిప్పలకైతే వేలల్లో ఉంటుందట. అందుకే మామూలు చిప్పకి కమ్మీలు అతికించి మోసం చేసేవాళ్ళకి కొదవ లేదు. ఎవరైనా అలాంటిది చూపిస్తే వెల్డింగు మీదా రంగు మీదా ముందు చూపు పెట్టమన్నాడు.

వెళ్ళబోతుంటే ఆయనే పిలిచి ఉక్కు చిప్ప లోపల ఇమిడే టోపీలాంటి లైనర్ బయటికి తీయించాడు. గుడ్డ అతికించిన గట్టి అట్ట, హాలీ కంపెనీది. ప్లాస్టిక్ లైనర్లు రాకముందు, యుద్ధం తొలిరోజుల్లో చేసినవి. చెమటకీ వానకీ నానిపోయేవి కాబట్టి మిగిలినవి తక్కువ. చిప్పా లైనరూ వేరువేరు చోట్ల నుంచి వచ్చి ఎప్పుడో కలిశాయన్నమాట. దీనికొక్కదానికే 150 ఇస్తానన్నాడు. బావ ఇవ్వలేదు.

తిరుగు రైల్లో చిప్పని మళ్ళీ నా బ్యాగులోనే పడేశాడు. లైనర్ని మాత్రం తన స్వెటర్‌లో చుట్టి పారిస్ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.