జాగ్రత్త: స్టార్లు కథకు పడ్డవి, మీ చేతికొచ్చేది నకిలీ కాపీ కావచ్చు

కడప, ప్రొద్దుటూరు, రాజంపేట వైపు పిల్లలకు ఇంగ్లీష్ నవలలు ఆన్‌లైన్‌లో తెప్పించే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. డ్రాగన్ల నవలలు అడిగే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తప్పకుండా చదవండి. ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో 'ఎరగాన్' నాలుగు పుస్తకాల సెట్ తీసుకున్నాం. నాలుగున్నర స్టార్లు, వేలకొద్దీ పాఠకుల అభిప్రాయాలు, దాదాపు అన్నీ పొగడ్తలే. వచ్చింది మాత్రం పైరసీ కాపీ. సెల్లర్ ఇంతవరకూ ఒక్క రూపాయి వాపసు ఇవ్వలేదు.

మా పాప తొమ్మిదో తరగతి. వాళ్ళ క్లాసులో ఈ నవల మీద పెద్ద చర్చే నడుస్తోంది. రచయిత క్రిస్టఫర్ పాయోలినీ దీన్ని పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టాడని తెలిసినప్పటి నుంచి పిల్లలకు ఇంకా ఆసక్తి పెరిగింది. 2002లో ఇంట్లోవాళ్ళే అచ్చు వేయించారు, 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది, 2011 నాటికి నాలుగు భాగాలు పూర్తయ్యాయి. ఎరగాన్ అనే కుర్రాడికీ సఫీరా అనే ఆడ డ్రాగన్‌కీ మధ్య మనసులోనే మాటలు నడవడం చాలామందికి ప్రాణం. వర్ణనలు సాగదీశాడని, పాత ఫాంటసీ కథల పోలికలు ఎక్కువని తిట్టేవాళ్ళూ ఉన్నారు. రెండు రకాల అభిప్రాయాలూ నిజాయితీగా రాసినవే, నాకు వాటితో పేచీ లేదు. కానీ అవన్నీ కథ గురించి. మీ ఇంటికొచ్చే కాగితాల కట్ట గురించి వాటిలో ఒక్క ముక్క ఉండదు.

పార్సిల్ విప్పగానే కిరోసిన్ లాంటి ఘాటు వాసన. కాగితం ఎంత పలచగా ఉందంటే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి. ఈ నవల మొదట్లో అలగేసియా అనే ఆ కల్పిత దేశం మ్యాప్ ఉంటుంది. కథ నడిచేకొద్దీ పిల్లలు వెనక్కి తిప్పి, ఎరగాన్ ఊరు కార్వహాల్ ఎక్కడ, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చాడు అని వేలు పెట్టి చూసుకుంటారు. మాకొచ్చిన దాంట్లో కొండలూ నదులూ ఊళ్ళ పేర్లూ అన్నీ కలిసిపోయి నల్లటి మరక అయ్యాయి. అసలు పుస్తకం చివర ఆ కథలోని ప్రాచీన భాష మాటలకు అర్థాలు, ఎలా పలకాలో చెప్పే పట్టిక ఉంటాయి. ఇందులో ఆ పేజీలే లేవు.

అయినా పాప చదవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు పుస్తకం పట్టుకొని నా దగ్గరికొచ్చి, "అమ్మా, వీళ్ళు ఇంతలోనే ఇక్కడికెట్లా వచ్చినారు?" అని అడిగింది. చూస్తే 272వ పేజీలో వాక్యం సగంలో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న పేజీ 305. మధ్యలో ముప్పై రెండు పేజీలు లేవు. పుస్తకాలు ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద కాగితం మీద చాలా పేజీలు కలిపి అచ్చయి, మడతపడి, వరసగా పేర్చి బైండింగ్ అవుతాయి కాబట్టి పోతే ఇలా కట్టలకు కట్టలే పోతాయి. అసలు ప్రచురణకర్త పుస్తకంలోనూ ఎప్పుడైనా ఒక ఫారం తప్పిపోవచ్చు, కాదనను. కానీ అప్పుడు అడగ్గానే మార్చి ఇస్తారు.

ఇక్కడ ఏమైందో వినండి. యాప్‌లో కంప్లైంట్ పెడితే రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. పుస్తకమంటే మిక్సీ కాదు కదా, వచ్చిన రోజే తిప్పి చూసి పనిచేస్తోందో లేదో తేల్చడానికి. 272వ పేజీ దాకా చదివితే గానీ 273 లేదని తెలియదు, అప్పటికి గడువు దాటిపోతుంది. సెల్లర్ తరఫు మనిషి ఫోన్‌లో, "మేడమ్, పుస్తకం నచ్చకపోతే మేమేం చేస్తాం, రివ్యూలు చూసే కదా తీసుకున్నారు" అన్నాడు. నచ్చడం నచ్చకపోవడం కాదు నాయనా, పేజీలు లేవు అని ఎంత చెప్పినా అదే పాట.

సరే, మిగతావాళ్ళైనా జాగ్రత్తపడతారని ఫోటోలతో ఒక స్టార్ రివ్యూ రాశాను. అది బయటికి రానే లేదు. ఈ విభాగంలో పుస్తకం గురించే రాయాలి, సెల్లర్ గురించి గానీ డెలివరీ గురించి గానీ రాయకూడదని మెసేజ్ వచ్చింది. అసలు మతలబు అంతా ఇక్కడే ఉంది. హార్డ్‌కవర్, పేపర్‌బ్యాక్, ఈ-బుక్, అన్నిటి అభిప్రాయాలూ ఒకే చోట కలిసి కనిపిస్తాయి. అదే పేజీ మీద ఎంతమంది సెల్లర్లు అమ్మినా స్టార్లు మాత్రం అవే. ఎక్కడో అసలు పుస్తకం చదివి మురిసిపోయినవాళ్ళు ఇచ్చిన రేటింగ్, ఇక్కడ నకిలీ అమ్మేవాడికి గొడుగు పడుతోంది. కాపీ బాగాలేదన్న ఫిర్యాదులు సెల్లర్ ఫీడ్‌బ్యాక్ అనే వేరే చోటికి పోతాయి. అది చూసేవాళ్ళు చాలా తక్కువ.

అందుకని కొనే ముందు స్టార్లు పక్కన పెట్టి, 'సోల్డ్ బై' దగ్గరున్న సెల్లర్ పేరు నొక్కండి. వాళ్ళ గురించి జనం ఏం రాశారో అక్కడ ఉంటుంది. మేము తీసుకున్న సెల్లర్ పేజీలో 'జిరాక్స్ కాపీ', 'పేజీలు ఊడిపోతున్నాయి' అని వరసగా ఉన్నాయి. తర్వాత అభిప్రాయాలను 'కొత్తవి ముందు' అని మార్చుకొని, కొన్నవాళ్ళు పెట్టిన ఫోటోలున్నవి మాత్రమే చూడండి. లోపలి పేజీ ఫోటో ఒక్కటి చాలు, కాగితం సంగతి తెలిసిపోతుంది. ధర కూడా చూసుకోండి. నాలుగు లావు పుస్తకాలు కలిపి 599 రూపాయలకు వస్తున్నాయంటే అనుమానించాల్సిందే. ఒరిజినల్ ఒక్కటే దాదాపు అంత ఉంటుంది.

పార్సిల్ వచ్చాక విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీయండి. పిల్లల చేతికి ఇచ్చే ముందు మీరే ఒకసారి మూలన పేజీ నంబర్లు చూస్తూ చివరిదాకా తిప్పండి, పెద్ద సమయం పట్టదు. వెనక అట్ట మీద బార్‌కోడ్ పైన 978తో మొదలయ్యే పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబర్ ఉంటుంది. లోపల కాపీరైట్ పేజీలోనూ అదే నంబర్ ఉండాలి. మాకొచ్చిన సెట్‌లో రెండు పుస్తకాలకు అవి వేరువేరుగా ఉన్నాయి.

అభిప్రాయాలు చదివేటప్పుడు ఇంకో సంగతి కూడా గమనించాలి. 'వింగ్స్ ఆఫ్ ఫైర్' అని వెతికితే అబ్దుల్ కలాం గారి ఆత్మకథ వస్తుంది, టుయ్ సదర్లాండ్ రాసిన డ్రాగన్ పిల్లల కథల సిరీస్ కూడా వస్తుంది. పేరొక్కటే చూసి ఆర్డర్ పెట్టొద్దు, రచయిత పేరు చూడండి. అంతకంటే ముఖ్యం, అట్ట మీద డ్రాగన్ ఉన్నంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు. 2023లో వచ్చిన 'ఫోర్త్ వింగ్' డ్రాగన్ల మీద స్వారీ చేసే యువ సైనికుల కథే. కానీ అది పెద్దల కోసం రాసిన నవల, పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. టీనేజ్ పిల్లల లిస్టుల్లో దాన్ని కలిపేసేవాళ్ళు ఉన్నారు. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలకు కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

మన కడప షాపుల్లో టెక్స్ట్‌బుక్కులు, గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు దొరికినంత సులువుగా ఇలాంటివి దొరకవు, నిజమే. అయినా షాపువాళ్ళను అడిగి ఆర్డర్ పెట్టించుకుంటే బిల్లు ఉంటుంది, తేడా వస్తే అడగడానికి మనిషి ఎదురుగా ఉంటాడు. హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే ఒకరు చదివేసిన ఒరిజినల్స్ దొరుకుతాయి. కొత్త నకిలీ కంటే పాత అసలు వెయ్యి రెట్లు నయం. అక్కడా నకిలీలు కలుస్తాయి కాబట్టి తిప్పి చూసే తీసుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోవద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి షాపింగ్ యాప్‌కూ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చాట్‌లో మాట్లాడి వదిలేయకుండా ఆ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి, రాతపూర్వకంగా ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను రెండూ చేశాను, హెల్ప్‌లైన్ ఇచ్చిన ఫిర్యాదు నంబర్ నా దగ్గరుంది. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా మనం మనముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ వీలు ఇచ్చింది. ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. ఇక పైరసీ అయితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడొచ్చు. ప్రచురణకర్తకు ఫోటోలు, సెల్లర్ వివరాలు పంపడం కూడా మంచిదే, నేను పంపాను.

ఈ నాలుగు పుస్తకాల సెట్‌ను మన జిల్లాలో ఇంకెవరైనా తెప్పించి ఉంటే బిల్లు, సెల్లర్ పేరు కనిపించే స్క్రీన్‌షాట్, తేడా ఉన్న పేజీల ఫోటోలు నాకు మెసేజ్‌లో పంపండి. ఒకే సెల్లర్ అని తేలితే కమిషన్ అనుమతితో అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. కాగితాలు సిద్ధం చేసే పని నేను చూసుకుంటాను.