వైర్‌షార్క్ రివ్యూ: ప్రోటోకాల్స్ ఎందుకలా ఉన్నాయో తెలియాలంటే ఇది వేసుకోండి

నెట్‌వర్కింగ్ ఎలా నేర్చుకోవాలి అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, నెట్‌వర్క్ పనిని ఏడు లేయర్లుగా చూపే బొమ్మ బట్టీ పట్టడం తర్వాత, ముందు వైర్‌షార్క్ ఇన్‌స్టాల్ చేయండి. మన కంప్యూటర్‌కి వచ్చీపోయే ప్యాకెట్లని, అంటే డేటా ముక్కల్ని, పట్టి విప్పి చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఆ ముక్కలు ఎలా పోవాలో చెప్పే రూల్సే ప్రోటోకాల్స్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్ లైనక్స్ మ్యాక్ మూడిట్లో నడుస్తుంది. 1998లో జెరాల్డ్ కోంబ్స్ దీన్ని ఈథీరియల్ అనే పేరుతో వదిలాడు, 2006లో ఆయన కంపెనీ మారితే పాత పేరు ట్రేడ్‌మార్క్ వెంట రాలేదు, అందుకే ఈ కొత్త పేరు.

క్యాప్చర్ (ప్యాకెట్లు పట్టడం) ఆన్ చేసి ఏదో ఒక సైట్ తెరవండి. టీసీపీ (డేటా అంతా వరసగా చేరేలా చూసే ప్రోటోకాల్) మీద నడిచే సైట్ ఐతే మొదట సిన్, సిన్-ఏక్, ఏక్ అని మూడు ప్యాకెట్లు కనిపిస్తాయి. సిన్ అంటే మొదలెడదాం అని, ఏక్ అంటే అందింది అని. మూడే ఎందుకు? రెండు వైపులవాళ్ళూ తమ డేటాకి వేసే వరస నంబర్లలో మొదటి నంబర్ చెప్పాలి, అవతలివాళ్ళకి అది అందిందని తెలియాలి, అలా లెక్కేస్తే నాలుగు కావాలి కానీ మధ్యలో రెండూ ఒకే ప్యాకెట్‌లో సర్దేయొచ్చు కాబట్టి మూడు. ఇక్కడే నాకో కంప్లైంట్. వైర్‌షార్క్ ఆ మొదటి నంబర్‌ని 0 అని చూపిస్తుంది, చదవడానికి ఈజీగా ఉంటుందని. అసలు నంబర్ 32 బిట్ల పెద్ద సంఖ్య, పాత కనెక్షన్ తాలూకు ఆలస్యమైన ప్యాకెట్ కొత్తదాంట్లో కలిసిపోకుండా, బయటివాడు ఊహించి దొంగ ప్యాకెట్ దూర్చకుండా కావాలనే ఊహకందని చోట మొదలెడతారు. అసలు సంగతి అదైతే దాన్నే దాచేస్తే ఎలా! కింద రా (raw, అంటే అసలు) నంబర్ కూడా ఉంటుందిలెండి, వెతుక్కోవాలి అంతే.

స్టాటిస్టిక్స్ మెనూలో టీసీపీ స్ట్రీమ్ గ్రాఫ్స్ ఉంటాయి, ఈ ఒక్క ఫీచర్ కోసమైనా ఇది వాడొచ్చు. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి చూస్తే సర్వర్ ముందు కాసిని ప్యాకెట్లే పంపి ఆగుతుంది, ఏక్‌లు వచ్చాక దాదాపు రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. లైన్ ఖాళీగా ఉన్నా ఈ భయం ఎందుకంటే 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య స్పీడ్ సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది, కిలోబిట్లు కాదు, బిట్లే. అందరూ పోయిన ప్యాకెట్లని మళ్ళీ మళ్ళీ పంపుతూ లైన్‌ని ఇంకా నింపేశారు. వాన్ జేకబ్సన్ 1988 పేపర్‌లో రాసిన స్లో స్టార్ట్, అంటే ఇలా కొద్దిగా మొదలెట్టి పెంచుకుంటూ పోవడం, దానికి మందు. మధ్యలో ఉన్న రౌటర్ సాధారణంగా ఏమీ చెప్పదు, ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని పంపేవాడే అర్థం చేసుకోవాలి. రౌటర్ ప్రతి కనెక్షన్‌నీ గుర్తుపెట్టుకుంటే అది చచ్చినప్పుడు కనెక్షన్లన్నీ చస్తాయి కదా, అందుకని తెలివంతా రెండు చివర్లలో ఉన్న కంప్యూటర్లలో పెట్టారు. కాబట్టి నల్ల రంగు మీద ఎర్ర అక్షరాలతో రీట్రాన్స్‌మిషన్ (మళ్ళీ పంపిన ప్యాకెట్) లైన్లు ఒకటీ అరా కనిపిస్తే కంగారు పడొద్దు.

నాకు అన్నిటికన్నా నచ్చేది టీఎల్‌ఎస్ (సైట్‌తో నడిచే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్) 1.3 వెర్షన్‌లో మొదటి పలకరింపైన హలో ప్యాకెట్ విప్పి చూడటం. పై లిస్ట్‌లో 1.3 అని ఉంటుంది, లోపల వెర్షన్ గడిలో చూస్తే 1.2! అసలు వెర్షన్ ఇంకెక్కడో ఎక్స్‌టెన్షన్ అనే అదనపు భాగంలో ఉంటుంది. కొత్త నంబర్ కనపడగానే దారిలో ఉన్న కొన్ని ఫైర్‌వాల్స్ లాంటి పెట్టెలు కనెక్షన్ తెంపేస్తున్నాయని తేలింది, దాంతో 2018లో వచ్చిన స్టాండర్డ్‌లో ఈ వేషం వేయించారు, పాత వెర్షన్లలో వాడిన, ఇప్పుడు అవసరం లేని సెషన్ ఐడీ కూడా దానికోసమే. ఏ పుస్తకం చదివినా ఇంత సూటిగా తలకెక్కదు.

టీసీపీకి బదులు వాడే క్విక్ (QUIC) ప్రోటోకాల్ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. కొత్త ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ అంటే ఆ పెట్టెలు పోనివ్వవు కాబట్టి యూడీపీ (ముందు పలకరింపులు లేకుండా ప్యాకెట్ పంపేసే పాత ప్రోటోకాల్) మీద ఎక్కింది, పైగా వాటికి ఏమీ అర్థం కాకుండా దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ చేసింది. ఫలితం, వైర్‌షార్క్‌లో మొదటి ప్యాకెట్లు తెరుచుకుంటాయి, మిగతావి ప్రొటెక్టెడ్ పేలోడ్ అని మాత్రమే కనిపిస్తాయి. బ్రౌజర్ నుంచి కీ లాగ్ ఫైల్ (ఎన్‌క్రిప్షన్ తాళాల లిస్ట్) రాయించి వైర్‌షార్క్‌కి ఇస్తే మన సొంత ట్రాఫిక్ విప్పుకోవచ్చు.

చిరాకులు కూడా ఉన్నాయి. ఏ ప్యాకెట్లు పట్టాలో చెప్పే క్యాప్చర్ ఫిల్టర్‌కి ఒక భాష, పట్టినవాటిలో ఏవి చూపాలో చెప్పే డిస్‌ప్లే ఫిల్టర్‌కి ఇంకో భాష. మొదటిది మామూలుగా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) లోనే ప్యాకెట్ వచ్చిన క్షణంలో నడవాలి కాబట్టి సింపుల్‌గా ఉంటుంది, కారణం న్యాయమైనదే, కానీ రెండూ గుర్తుపెట్టుకోవాల్సింది మనం. మన మెషీన్ నుంచి పోయే ప్యాకెట్ మామూలు హద్దైన 1500 బైట్లు దాటి కనిపిస్తే అది రూల్ తప్పడం కాదు, ముక్కలు కోసే పని నెట్‌వర్క్ కార్డ్ చేస్తుంది, వైర్‌షార్క్ అంతకు ముందే చూసేస్తోంది. ఈ మాట స్క్రీన్ మీద ఎక్కడన్నా రాస్తే బాగుండు. పెద్ద క్యాప్చర్ ఫైళ్ళకి ర్యామ్ తినేస్తుంది, విండోస్‌లో వైఫై మానిటర్ మోడ్ (చుట్టూ గాల్లో పోయే వైఫై ప్యాకెట్లన్నీ వినడం) తలనొప్పి.

5కి నాలుగున్నర ఇస్తా. మొదటిసారి వాడేవాళ్ళు డీఎన్‌ఎస్‌తో (సైట్ పేరు ఇస్తే దాని అడ్రస్ నంబర్ చెప్పే వ్యవస్థ) మొదలెట్టండి, అడిగేది ఒక ప్యాకెట్, జవాబు ఒక ప్యాకెట్. తర్వాత డీఎన్‌ఎస్‌ని ప్రశ్నలడిగే డిగ్ (dig) కమాండ్‌లో బఫర్ సైజ్ (జవాబుకి ఇచ్చే చోటు) 512 బైట్లు పెట్టి పెద్ద రికార్డ్ ఉన్న డొమైన్ ఏదైనా అడిగి చూడండి, జవాబు పట్టక ట్రంకేటెడ్ (కోసేశాం) అని ఫ్లాగ్ వస్తుంది, వెంటనే అదే ప్రశ్న టీసీపీలో మళ్ళీ పోతుంది.