ఓడ దిగే రోజు: బార్సిలోనా నుంచి ఫ్లోరిడా దాకా

ఒడిశాలో ఉన్న మా బరంపురం వాళ్ళకు సముద్రం కొత్త కాదు. స్కూటరెక్కితే అరగంటలో గోపాల్‌పూర్. మా తాత అక్కడి నుంచే రంగూన్ వెళ్ళాడు. అప్పట్లో స్టీమరు లోతు నీళ్ళలోనే ఆగేది. మసూలా పడవల్లో అలలు దాటించి జనాన్ని ఎక్కించేవారట. పొగ కనిపించినంతసేపూ ఒడ్డున నిలబడి, తర్వాత ఇంటికొచ్చి వంట మొదలుపెట్టేదాన్నని నాయనమ్మ చెప్పేది.

మా ప్రయాణానికి అంత కథ లేదు. అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్న పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళాలి. ఏకబిగిన అంతసేపు విమానంలో కూర్చోలేనని మా ఆవిడ అంటే, అల్లుడు ఈ ఉపాయం చెప్పాడు. చలికాలం ముందు మధ్యధరా సముద్రంలో సీజన్ అయిపోగానే పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు కరీబియన్ వైపు వెళ్ళిపోతాయి. తిరుగు ప్రయాణం లేని ట్రిప్పు కాబట్టి రోజుకు పడే ఖర్చు తక్కువ. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఎక్కి ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాలి, మొత్తం 14 రాత్రులు. యూరప్‌కు షెంజెన్ వీసా, అమెరికా వీసా రెండూ చేతిలో ఉంటే తప్ప బుక్ చేయకండి.

రేవుల సంగతి క్లుప్తంగా చెప్తాను. మలగాలో ఓడ దిగి నడిచే అల్‌కజాబా కోట చూసి రావచ్చు, టూరు కొననక్కర్లేదు. కాదిజ్‌లో వర్షం, కాఫీ తాగి వచ్చేశాం. మదీరా దీవిలోని ఫున్‌షాల్ ఒక్కటీ చాలు ఈ టికెట్‌కు. కేబుల్ కారులో మోంటే కొండెక్కి, కిందికి వెదురుబుట్ట లాంటి బండిలో జారుతూ వచ్చాం. తెల్లబట్టలు, గడ్డిటోపీలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు వెనక నుంచి తాళ్ళతో పట్టి, బూట్లనే బ్రేకులుగా వేస్తారు. మా ఆవిడ కళ్ళు మూసుకుని మా అమ్మవారు తారాతారిణికి మొక్కేసుకుంది.

ఆ తర్వాత ఏడు రోజులు నీళ్ళు తప్ప ఏమీ లేదు. పడమటికి పోతున్నాం కాబట్టి రాత్రిళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. అమెరికా చేరేలోగా ఆరుసార్లు తిప్పాం. 25 గంటల రోజు వింటానికి బాగుంటుంది కానీ, తెల్లవారుజామున మూడింటికే ఆకలేస్తుంది. బాల్కనీ గదికి డబ్బు పోయకండి. అట్లాంటిక్ గాలికి అక్కడ పది నిమిషాలు కూర్చోలేం. కింది అంతస్తులో ఓడ మధ్యన గది తీసుకుంటే ఊపు తక్కువ, ఖర్చూ తక్కువ. భోజనాల దగ్గర హెడ్ వెయిటర్‌కు ముందురోజే చెప్తే పప్పు, కూర విడిగా చేయించేవాడు. ఆ విషయంలో వంక పెట్టలేను. ఇంటర్నెట్ మాత్రం దండగ.

అసలు చెప్పాలనుకున్నది మా గది చూసే అబ్బాయి గురించి. ఓడలో అందరి బ్యాడ్జి మీదా పేరు కింద దేశం పేరు ఉంటుంది. ఇండియా అని చూసి, ఏ రాష్ట్రం అని అడిగాను. ఒడిశా అన్నాడు. ఒడిశాలో ఎక్కడ? గంజాం. గంజాంలో? ఛత్రపురం! బరంపురానికి పక్కనే. ఇక మా ఆవిడ ఆగలేదు, ఒడియాలో అందుకుంది. మర్నాటి నుంచి ఆమె మాఉసీ, నేను మఉసా, అంటే పిన్నీ బాబాయీ. తువ్వాలుతో ఏనుగు చేసి మంచం మీద పెట్టడం అందరి గదుల్లోనూ ఉండేదే, మా గదిలో ఆ ఏనుగు నా కళ్ళజోడు కూడా పెట్టుకునేది. తొమ్మిది నెలల కాంట్రాక్టులో ఏడో నెల నడుస్తోందట.

చివరి రోజు హడావిడి గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. పెద్ద పెట్టెలకు రంగు ట్యాగులు కట్టి రాత్రి గది బయట పెట్టేయాలి. పొద్దున అవి టెర్మినల్లోనే కనిపిస్తాయి. మందులు, పాస్‌పోర్టులు, మర్నాటి బట్టలు చేతిసంచిలో పెట్టుకోవాలి. నేను అన్నీ పెట్టుకున్నాను, బూట్లు తప్ప. రాత్రి పన్నెండింటికి గుర్తొచ్చి తలుపు తీస్తే పెట్టెల్లేవు. అమెరికా గడ్డ మీద నా మొదటి అడుగు బాత్రూం చెప్పులతో పడింది.

బిల్లు కూడా ఆ రాత్రే చూసుకోండి. మేం తాగని రెండు నీళ్ళ సీసాలు మా లెక్కలో రాశారు. వెంటనే కౌంటరుకు వెళ్తే బిల్లులోంచి కొట్టేశారు. పొద్దున ఆ క్యూ మెట్ల దాకా ఉంది. సిబ్బంది టిప్పు అని రోజుకు ఇంత చొప్పున వాళ్ళే వేసుకుంటారు, మా ఇద్దరికీ కలిపి దాదాపు 500 డాలర్లు అయింది. అది పోగా ఈ అబ్బాయికి విడిగా ఇవ్వాలని కవరు సిద్ధం చేశాం. ఎంత పెట్టాలన్నదాని మీద మా ఇద్దరికీ చిన్న గొడవ. నేను నలభై అన్నాను, ఆవిడ వంద అంది. వందే పెట్టాం. దాంతోపాటు బరంపురం నుంచి తెచ్చుకున్న సీలు తీయని మామిడికాయ పచ్చడి ప్యాకెట్ ఒకటి, సీలు తీసినది సగం ఒకటి.

పొద్దున ఎనిమిదికల్లా గది ఖాళీ చేయాలి. కారిడార్లో అతని బండి కనిపించింది, దుప్పట్లు చుట్టలు చుట్టి గుట్టగా పడి ఉన్నాయి. మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు ఎక్కేస్తారు, సాయంత్రం ఓడ మళ్ళీ బయల్దేరుతుంది. అతనికి నిలబడి మాట్లాడే తీరిక లేదు. కవరు తీసుకుని చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. పచ్చడి ప్యాకెట్ మాత్రం తిప్పి చూశాడు, కంపెనీ పేరు చదివి నవ్వాడు. సీలు తీసినది ముందు తింటానన్నాడు.

"ఆసుచూ బాబూ" అంది మా ఆవిడ.

ఒడియాలోనూ అంతే కదా, వెళ్ళేవాళ్ళు పోతున్నామనరు, వస్తున్నామనే అంటారు. అతను చేతిలో దిండు పట్టుకునే "ఆసంతు మాఉసీ" అన్నాడు, రండి పిన్నీ అని. మా ఆవిడ లిఫ్టు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. లిఫ్టులో మాత్రం ముక్కు చీదుకుంది.

మా ట్యాగు రంగు పిలిచేసరికి తొమ్మిదిన్నర. వేలిముద్రలు, ఫొటో, నాలుగు ప్రశ్నలు. మా ముందున్న పెద్దాయన చేతిసంచిలో ఓడలో తీసుకున్న ఆపిల్ దొరికింది, పక్కకు పిలిచారు. పండ్లు దాచుకోకండి. పెట్టె దొరగ్గానే అక్కడే నేల మీద కూర్చుని బూట్లు వేసుకున్నాను.

టాంపాకు కారులో నాలుగు గంటలకు పైగా పట్టింది. అమ్మాయి టీ పెట్టి ఇచ్చింది. మా ఆవిడ గోడ గడియారం చూసి, "ఓడ బయల్దేరి ఉంటుంది. మన గదిలో ఎవరు దిగారో" అంది. ఆ గదిలోంచి పచ్చడి వాసన పోయి ఉంటుందా అని నా అనుమానం.